కొత్త బండి బ్రేకులు కీచుమంటుంటే

బండి తెచ్చి నాలుగు నెలలు కాలేదు, 5 వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే బ్రేకులు కీచుమంటాయి. వెంటనే వచ్చే అనుమానం ప్యాడ్లు అరిగిపోయాయని. కొత్త బండిలో కారణం అది కావడం చాలా అరుదు. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, కొన్ని నెలల్లో అంతా అరిగిపోదు. అందుకే ప్యాడ్లు మార్చేయడంతో మొదలుపెడితే డబ్బు పోతుంది, శబ్దం మాత్రం కొన్ని వారాల్లో తిరిగొస్తుంది. శబ్దం ఎప్పుడొస్తోందో ముందు పట్టుకోవాలి, పానా పట్టడం ఆ తర్వాత.

చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు. బ్రేకు వేసినప్పుడు దాన్ని రెండు వైపులా పట్టి ఆపేవి ప్యాడ్లు. ప్యాడ్ డిస్కును పట్టినప్పుడు ఒకే తీరుగా రాసుకుంటూ పోదు. అంటుకుంటుంది, వదులుతుంది, మళ్లీ అంటుకుంటుంది. ఇదంతా సెకనుకు కొన్ని వేలసార్లు జరుగుతుంది. తడి వేలితో గాజు గ్లాసు అంచును రుద్దితే మోగుతుంది చూడండి, ఇక్కడ జరిగేదీ అదే. ఈ అదురు డిస్కు సహజంగా మోగే స్వరంతో కలిసిందంటే డిస్కు మొత్తం గంటలా మోగుతుంది. కీచు శబ్దం సెకనుకు సుమారు 1,000 నుంచి 16,000 కంపనాల మధ్య ఉంటుంది. అంతకంటే తక్కువైతే మనకు మూలుగులా, గుర్రులా వినిపిస్తుంది. నెమ్మదిగా పోతూ పెడల్ మీద కాలు ఆనీ ఆనకుండా పెట్టినప్పుడే ఎక్కువగా అరవడానికి కారణం కూడా ఇదే. తక్కువ వేగంలో ప్యాడ్ సులువుగా అంటుకుంటూ వదులుతూ ఉంటుంది, దాన్ని కదలకుండా అదిమిపట్టేంత ఒత్తిడి ఉండదు. అదే చోట కాస్త గట్టిగా తొక్కితే శబ్దం ఆగిపోవడం చాలామంది గమనించే ఉంటారు.

కొత్త బండ్లలో ప్యాడ్ పదార్థం కూడా మారుతోంది. వేడిని లాగేయడానికి, రాపిడి నిలకడగా ఉండడానికి ప్యాడ్లలో రాగి కలిపేవారు. ప్యాడ్ల నుంచి రాలే రాగి పొడి నీటిలో చేరి చేపలకు హాని చేస్తోందని కాలిఫోర్నియా చట్టం దాన్ని 2021 నుంచి 5 శాతానికి, 2025 నుంచి అర శాతానికి పరిమితం చేసింది. తయారీదారులు రాగికి బదులు వేరే మిశ్రమాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇక లోహపు పోగులు ఎక్కువున్న ప్యాడ్ బాగా పడుతుంది, వేడికి తట్టుకుంటుంది, కానీ శబ్దమూ నల్లటి పొడీ ఎక్కువ. సిరామిక్ రకం నిశ్శబ్దంగా ఉంటుంది, పొడి తక్కువ. కంపెనీ మొదటి రకాన్ని ఎంచుకుంటే అప్పుడప్పుడు వచ్చే సన్నటి కీచు ఆ ఎంపికతో పాటు వచ్చేదే, లోపం అనుకోనక్కర్లేదు.

ఎప్పుడు అరుస్తోంది?

పొద్దున్నే బండి తీయగానే మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరమని, తర్వాత మాయమైతే అది రాత్రి మంచుకు, వానకు, కడిగిన నీళ్లకు డిస్కు మీద పట్టిన తుప్పు పొర. డిస్కు పోత ఇనుముది, తడి తగిలితే కొన్ని గంటల్లోనే పైన గోధుమరంగు పొర వస్తుంది. ప్యాడ్లే దాన్ని తుడిచేస్తాయి. దీనికి చేయాల్సిందేమీ లేదు. బండి కడిగాక మాత్రం అలాగే నిలిపేయకుండా ఒక చుట్టు తిప్పి, రెండు మూడుసార్లు బ్రేకు వేసి ఆరబెట్టి నిలపండి.

ఆటోమేటిక్ గేరు కారులో సిగ్నల్ దగ్గర బ్రేకు మెల్లగా వదులుతూ ముందుకు పాకేటప్పుడు గుర్రుమని మూలిగితే, ఇంజిన్ తోస్తూ ఉంటే ప్యాడ్ సగం పట్టి సగం వదులుతోందని అర్థం. బ్రేకు ఒక్కసారిగా పూర్తిగా వదిలితే పోతుంది. స్టార్ట్ చేసి కదిలిన కొద్ది క్షణాలకు ఒక్కసారి గిర్రుమని చప్పుడొచ్చి ఆగిపోతే చాలా బండ్లలో అది ఏబీఎస్ (గట్టి బ్రేకుకు చక్రాలు జామ్ కాకుండా చూసే ఏర్పాటు) తనను తాను పరీక్షించుకునే శబ్దం. ప్యాడ్లకు, డిస్కులకు దానితో సంబంధం లేదు.

బ్రేకు వేయకపోయినా చక్రంతో పాటు గీరుతూ, వేగం పెరిగేకొద్దీ శబ్దమూ త్వరపడుతుంటే ముందు డిస్కు వెనకాల ఉండే పల్చటి రేకు చూడండి. రేకుకూ డిస్కుకూ మధ్య చిన్న గులకరాయి ఇరుక్కుంటే భయంకరంగా గీరుతుంది. చాలాసార్లు బండిని కాస్త వెనక్కి నడిపి ఆపితే రాయి రాలిపోతుంది. రేకు వంగి డిస్కుకు తగులుతుంటే చేత్తోనే కొద్దిగా బయటికి వంచొచ్చు, అయితే బండి నడిచి వచ్చిన వెంటనే మాత్రం వద్దు. డిస్కు చర్మం ఊడేంత వేడిగా ఉంటుంది.

బ్రేకు వేయకుండా సన్నగా కీచుమంటూ, వేయగానే ఆగిపోతుంటే లేదా స్వరం మారితే అది వేరే సంగతి. చాలా ప్యాడ్లకు ఒక చిన్న స్ప్రింగు రేకు ఉంటుంది. ప్యాడ్ 2, 3 మిల్లీమీటర్లకు అరిగినప్పుడు అది డిస్కుకు తగిలి అరవాలనే పెట్టారు. సెకండ్ హ్యాండులో కొన్న కొత్త మోడల్ బండికి, కొండ దారుల్లో ఎక్కువగా తిరిగే బండికి ఈ అనుమానం మొదట రావాలి.

ఇక ఏమాత్రం ఆలస్యం చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఇనుముతో ఇనుము కోస్తున్నట్టు బరబరమనే శబ్దం, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం, పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోవడం, ఒక చక్రం దగ్గర కాలిన వాసన. వీటిలో ఏదొచ్చినా బండిని నడుపుకుంటూ తీసుకెళ్లడం కూడా మంచిది కాదు. ఇవేవీ లేకపోయినా ఒక చక్రం మిగతావాటికంటే వేడెక్కుతోందేమో అని అనుమానం ఉంటే బ్రేకులు పెద్దగా వాడకుండా పది నిమిషాలు నడిపి, దూరం నుంచే ఉష్ణోగ్రత చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు డిస్కులూ చూడండి. ముందు రెండింటినీ ఒకదానితో ఒకటి, వెనక రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చాలి. ఒకే ఇరుసు మీద రెండింటి మధ్య పెద్ద తేడా ఉంటే ఎక్కువ వేడిగా ఉన్న వైపు క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) పట్టేసి వదలడం లేదు.

కొత్త ప్యాడ్లను పదును పెట్టడం

కొత్త బండిలో, కొత్త ప్యాడ్లలో వచ్చే కీచుకు ఎక్కువసార్లు పనిచేసే వైద్యం పైసా ఖర్చు లేనిది, అందుకే కాబోలు దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్యాడ్ పదార్థం డిస్కు మీద కంటికి కనిపించనంత పల్చగా, సమంగా ఒక పొరలా పరుచుకోవాలి. పదును పెట్టడమంటే ఆ పొర వేయడమే. ఆ తర్వాత రాపిడి ఆ పొరకూ ప్యాడ్‌కూ మధ్య జరుగుతుంది, అప్పుడే నిలకడగా ఉంటుంది. నగరంలో నెమ్మదిగా, సుతారంగా నడిపిన బండికి ఈ పొర అక్కడక్కడా మచ్చలుగా పడుతుంది. మచ్చలున్న చోట పట్టు ఒకలా, లేనిచోట ఇంకోలా ఉండి అదురు మొదలవుతుంది.

ఖాళీ రోడ్డు, వెనక ఎవరూ లేని సమయం చూసుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి 10, 15కు వచ్చేదాకా ఓ మోస్తరు గట్టిగా బ్రేకు వేయాలి. చక్రాలు జామ్ అయ్యేంత కాదు, సీట్లో మనిషి ముందుకు తూలేంత. పూర్తిగా ఆగకూడదు. మళ్లీ 60కి తీసుకెళ్లి, అర నిమిషం నడిపి, మళ్లీ వేయాలి. ఇలా ఎనిమిది నుంచి పదిసార్లు. కాస్త వాసన రావడం మామూలే. చివరిదాని తర్వాత నాలుగైదు కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ గాలికి చల్లారనివ్వాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. వేడి డిస్కుతో సిగ్నల్ దగ్గర ఆగి పెడల్ తొక్కిపట్టి ఉంచుతారు. ప్యాడ్ ఆ ఒక్కచోటే అంటుకుని ముద్ర వేస్తుంది, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ కాళ్ల కింద కొట్టుకుంటుంది. డిస్కు వంకరపోయిందని అందరూ అనుకునే సందర్భాల్లో చాలా వాటికి అసలు కారణం ఈ ముద్రే.

తయారీదారు తన పుస్తకంలో వేరే పద్ధతి చెప్పి ఉంటే అదే పాటించాలి. చాలా పుస్తకాలు మొదటి 200, 300 కిలోమీటర్లు అవసరం లేకుండా గట్టిగా బ్రేకు వేయొద్దనే చెబుతాయి. ఆ దూరం దాటాక పైన చెప్పింది చేస్తే గొడవ ఉండదు.

చక్రం విప్పి చూస్తే

పదును పెట్టినా మారకపోతే విప్పాల్సిందే. బండిని గట్టి చదును నేల మీద నిలిపి, నేల మీద ఉండబోయే చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, నట్లు కొద్దిగా వదులు చేశాకే జాకీ ఎత్తాలి. జాకీని నమ్మి కింద చేయి పెట్టకూడదు, స్టాండు వేయాలి. ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేకు ఉన్న బండిలో వెనక క్యాలిపర్ ముట్టే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. అది చేయకుండా క్యాలిపర్ లోపల ప్యాడ్‌ను తోసే పిస్టన్‌ను బలవంతంగా వెనక్కి నొక్కితే లోపలి మోటారు, గేర్లు పాడవుతాయి. కేబుల్ హ్యాండ్ బ్రేకు ఉన్న కొన్ని క్యాలిపర్ల పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి, నేరుగా నొక్కితే లోపలి మర విరుగుతుంది.

క్యాలిపర్ విప్పాక దాన్ని బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకండి, తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. ప్యాడ్లు తీసేటప్పుడు లోపలిది ఏదో, బయటిది ఏదో గుర్తు పెట్టుకోండి, రెండింటి మందం పోల్చి చూడండి. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పర్వాలేదు. లోపలిది బాగా పల్చబడి బయటిది మందంగా ఉంటే క్యాలిపర్ జారే పిన్నులు పట్టేశాయి, లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. ఒకే ప్యాడ్ ఒక కొస నుంచి ఇంకో కొసకు ఏటవాలుగా అరిగితే పిన్నుల్లో ఒకటి బిగుసుకుపోయిందో, ప్యాడ్ తన గూట్లో కదలడం లేదో.

కొత్త బండ్లలో శబ్దానికి నిజమైన కారణం ఎక్కువగా దొరికేది ఈ గూటిలోనే. ప్యాడ్ రెండు చెవులూ బ్రాకెట్లోని స్టీలు క్లిప్పుల మీద కూర్చుంటాయి. ప్యాడ్‌ను వేలితో తోస్తే జారాలి. సుత్తి తీయాల్సి వస్తే ఎక్కడో తప్పుంది. ప్యాడ్ చెవుల మీద పెయింటు మందంగా పడి ఉండొచ్చు, ఆకురాయితో ఆ పెయింటు వరకే గీకితే చాలు, లోహం తినేయకూడదు. క్లిప్పుల కింద బ్రాకెట్ మీద తుప్పు పొంగి క్లిప్పును పైకెత్తి ప్యాడ్‌ను బిగించేస్తుంది కాబట్టి క్లిప్పులు పీకి, కింద వైర్ బ్రష్‌తో లోహం కనిపించేదాకా శుభ్రం చేయాలి. వంగిన క్లిప్పు, పట్టు సడలిన క్లిప్పు తిరిగి వేయకండి. ప్యాడ్ మార్చిన ప్రతిసారీ కొత్త క్లిప్పులు వేయడం మంచి అలవాటు. వదులు క్లిప్పులో ప్యాడ్ కొట్టుకుంటుంది, బిగుతు క్లిప్పులో డిస్కును వదలకుండా రాసుకుంటూనే ఉంటుంది. రెండూ అరుపులే.

ప్యాడ్ వీపు మీద ఉండే పల్చటి రేకు పేరు షిమ్. రబ్బరు పూత ఉన్న స్టీలు పొరలతో చేస్తారు, ప్యాడ్ అదురు పిస్టన్‌కు, క్యాలిపర్‌కు పాకకుండా మింగేయడం దాని పని. తక్కువ రకం ప్యాడ్లకు షిమ్ ఉండదు. ఉన్నదాన్ని తీసి పారేసేవారూ ఉన్నారు, ఆ తర్వాత శబ్దం రావడంలో ఆశ్చర్యం లేదు. ప్యాడ్ కొసలు కొంచెం ఏటవాలుగా చెక్కి ఉండడం, మధ్యలో గాడి ఉండడం కూడా శబ్దం కోసమే. కొన్ని ప్యాడ్లకు దిశ ఉంటుంది, కుడి ఎడమలు తారుమారైతే కొత్త ప్యాడ్ కూడా అరుస్తుంది.

గ్రీజు విషయంలో ఏది దొరికితే అది వాడొద్దు. పిన్నులకు రబ్బరుకు పడే సిలికాన్ గ్రీజు లేదా తయారీదారు చెప్పినదే వాడాలి. బేరింగులకు వేసే మామూలు గ్రీజు వేస్తే పిన్నుల మీది రబ్బరు కవర్లు ఉబ్బి పిన్నులు మళ్లీ పట్టేస్తాయి. పాత గ్రీజు పూర్తిగా తుడిచి పల్చగా రాయాలి. రంధ్రం నిండా కూరితే గాలి, గ్రీజు బయటికి పోలేక పిన్ను లోపలికి దిగదు, వెనక్కి తన్నుతుంది. కొన్ని క్యాలిపర్లలో రెండు పిన్నుల్లో ఒకదానికి చివర రబ్బరు తొడుగు ఉంటుంది, అది ఏ రంధ్రంలోంచి తీశారో అందులోకే వెళ్లాలి. ప్యాడ్ చెవులకు, షిమ్‌కు పిస్టన్ తగిలే చోట, క్యాలిపర్ గోళ్లు తగిలే చోట వేడికి కరగని సిరామిక్ బ్రేక్ గ్రీజు ఒక పూతగా చాలు. రాపిడి ముఖం మీద ఒక్క చుక్క కూడా పడకూడదు.

ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తుంటే వేడికి అందులోని రెసిన్ (ప్యాడ్ పదార్థాన్ని అతికించి ఉంచే జిగురు) పైకి తేలి గట్టిపడింది. చదునైన పలక మీద 80 నుంచి 120 నంబరు గరుకు కాగితం పరిచి, దాని మీద ప్యాడ్‌ను రుద్ది ఆ మెరుపు పోయేదాకా తీయొచ్చు. ముక్కుకు మాస్కు తప్పనిసరి. డిస్కునూ అదే కాగితంతో అన్ని దిక్కులకూ గీతలు పడేలా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, పైన చెప్పిన పదును మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. నూనె, బ్రేక్ ఆయిల్, టైరు పాలిష్ పీల్చుకున్న ప్యాడ్‌ను మాత్రం రుద్దినా, కడిగినా, కాల్చినా లాభం లేదు. ఆ ఇరుసు మీది ప్యాడ్లన్నీ మార్చేయాలి. టైరుకు సిలికాన్ పాలిష్ స్ప్రే చేసేటప్పుడు డిస్కు మీద తుంపర్లు పడడం మనం అనుకునేదానికంటే ఎక్కువ. గుడ్డకు కొట్టి, గుడ్డతో రాయడమే మేలు.

కొత్త డిస్కు వేస్తుంటే దాని మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె పొరను క్లీనర్‌తో తుడవాలి. డిస్కు, చక్రం బిగించే హబ్బు ముఖం మీద తుప్పు రేణువు ఒక్కటి మిగిలినా డిస్కు వాలుతుంది. చాలా కార్లకు డిస్కు ఊగే పరిమితి 0.05 మిల్లీమీటరు దగ్గర ఉంటుంది, అంటే ఒక వెంట్రుక మందం కంటే తక్కువ. డిస్కుకు ఉండాల్సిన కనీస మందం దాని అంచు మీదే చెక్కి ఉంటుంది, లేత్ మీద చెక్కించే ముందు అది చూడాలి. శబ్దం కోసం కొత్త డిస్కు చెక్కించడం నాకు నచ్చని పని. మందం తగ్గిన డిస్కు త్వరగా వేడెక్కుతుంది.

పని అయ్యాక చక్రం నట్లు ఎదురెదురుగా, టార్క్ పానాతో (బిగుతు కొలిచే పానా), పుస్తకంలోని లెక్క ప్రకారం బిగించాలి. చాలా కార్లకు అది 90 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. గాలి గన్నుతో ఇష్టమొచ్చినట్టు బిగిస్తే డిస్కు మీద ఒత్తిడి ఒకే తీరుగా పడదు. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా పంపు కొట్టడం మరిచిపోవద్దు. వెనక్కి నొక్కిన పిస్టన్లు తిరిగి ప్యాడ్లకు ఆనకపోతే మొదటిసారి తొక్కినప్పుడు బ్రేకే ఉండదు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్యే ఉండాలి.

కీచుమంటోందని డిస్కు మీద నూనె, సబ్బు, తుప్పు వదిలించే స్ప్రే కొట్టమనే సలహాలు తిరుగుతుంటాయి. ఆ సలహా పాటిస్తే శబ్దంతో పాటు బ్రేకూ పోతుంది. బ్రేక్ ఆయిల్ మారిస్తే కీచు పోతుందనేదీ నిజం కాదు. ఆయిల్ మార్చడం అవసరమే, కానీ అది వేడికి ఆవిరి కాకుండా పెడల్ గట్టిగా ఉండడం కోసం.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో మోటారే సగానికి పైగా ఆపేస్తుంది కాబట్టి ప్యాడ్లకు పని తక్కువ. డిస్కు తుప్పు పట్టి గరుకెక్కుతుంది, ముఖ్యంగా వెనకవి. వారానికి ఒకసారి ఖాళీ రోడ్డు మీద 60 నుంచి నాలుగైదు గట్టి బ్రేకులు వేస్తే శుభ్రపడుతుంది. చాలా మోడళ్లలో న్యూట్రల్‌లో ఉంటే మోటారు ఆపదు, ప్యాడ్లే ఆపుతాయి. మీ బండి పుస్తకంలో దీని గురించి ఏముందో చూసి చేయండి. వెనక డ్రమ్ బ్రేకుల్లో శబ్దం ఎక్కువగా షూలు (డ్రమ్ లోపల ప్యాడ్ల బదులు ఉండేవి) జారే వెనక పలక మీది బిందువులు పొడిబారడం వల్ల వస్తుంది, ఒక్కో షూకు సాధారణంగా మూడుంటాయి. అక్కడ వేడికి తట్టుకునే గ్రీజు చుక్క పెట్టాలి. లోపలి పొడిని గాలితో ఊదకండి, ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిపి తుడవండి. మోటార్ సైకిళ్లలో మొదట అనుమానించాల్సింది చైన్ స్ప్రే. వెనక డిస్కు మీద దాని తుంపర పడితే ప్యాడ్ అయిపోయినట్టే.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు

"బ్రేకు శబ్దం" అని రాయిస్తే రుద్ది, తుడిచి, పంపేస్తారు. ఏ వేగంలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ముందుకా వెనక్కా, ఏ చక్రం వైపు, ఎంత గట్టిగా తొక్కితే అన్నది జాబ్ కార్డు మీద రాయించండి. ఫోనులో రికార్డు చేసి వినిపించండి. పొద్దున మాత్రమే వచ్చే శబ్దమైతే బండి రాత్రి అక్కడే ఉంచి, పొద్దున టెక్నీషియన్‌తో కలిసి నడపమని అడగండి. మధ్యాహ్నం వేడి బండిని తిప్పి శబ్దమేదీ లేదంటే దానివల్ల తెలిసేదేమీ లేదు. ఆ మోడల్‌కు కంపెనీ మార్చిన ప్యాడ్ గానీ, షిమ్ గానీ, సర్వీస్ సూచన గానీ వచ్చిందేమో తప్పక అడగండి. తయారీదారులు శబ్దం ఫిర్యాదులకు ఇలాంటివి తరచూ విడుదల చేస్తారు, అడిగినవారికే వేస్తారు. ప్యాడ్లు అరిగే వస్తువులు కాబట్టి వారంటీ పుస్తకంలో వాటికి వేరే గడువు ఉంటుంది, ఆ గడువు లోపే లిఖితపూర్వకంగా నమోదు చేయించుకోవాలి.

"ఇది మామూలే" అన్నా సరే, నాలుగు చక్రాల ప్యాడ్ల మందం, లోపలిదీ బయటిదీ విడివిడిగా కొలిచి కాగితం మీద రాసివ్వమనండి. పిన్నులు చేత్తో కదిలాయో లేదో రాయమనండి. ప్యాడ్లు మార్చి పదును పెట్టి 200 కిలోమీటర్లు తిరిగాక కూడా అదే చక్రం నుంచి అదే స్వరం వస్తే మళ్లీ ప్యాడ్లు మార్చడానికి ఒప్పుకోకండి. ఆ పక్క డిస్కు ఊగుడు డయల్ గేజీతో కొలవాలి, హబ్బు బేరింగ్‌లో ఆట ఉందేమో చూడాలి, క్యాలిపర్ బ్రాకెట్ విప్పి రెండో వైపుదానితో పోల్చాలి.